మొగ తెరుచుకోని ఏడు

జీడితిప్ప మోకుల కేంద్రం, లేనా నది సముద్రంలో కలిసే మొగ.
రాస్తున్నది: సూరాడ లోలాక్షి.

మే 20

మూడు మోకులూ చూసొచ్చాను. తూర్పు మోకు బిగువుగా ఉంది. నడిమి మోకు మీద పేరిన మంచును గొడ్డలి మడమతో కొట్టి రాల్చాను. పడమటి మోకు కొక్కేనికి గ్రీజు పెట్టాను.

మోకులంటే మనిషి తొడంత లావు ఉక్కు తాళ్లు. మమ్మల్ని ఈ పనికి పెట్టిన దేశాల కూటమి కాగితాల్లో వీటికి ఇంకేదో పేరుంది గానీ, తిప్ప మీద ఉన్నవాళ్లమంతా చేపల వేట ఇళ్లలో పుట్టినవాళ్లం, మాకివి మోకులే. మేం పెంచిన మంచుపలకను సముద్రం మీద ఇవే పట్టి ఉంచుతున్నాయి. వదిలేస్తే మొగ ముందరి ఈ లాప్టెవ్ సముద్రపు మంచు ఒకచోట నిలవదు. ధ్రువం మీదుగా కొట్టుకుపోయి, గ్రీన్‌లాండ్ పక్కనుంచి దిగి, అట్లాంటిక్‌లో కరిగిపోతుంది.

పంపులు ఆపేశారు. చలికాలమంతా అవి మంచు కింది నీళ్లను తోడి మంచు మీదే పోస్తాయి. పోసింది పోసినట్టే గడ్డకడుతుంది. పదకొండు శీతాకాలాలుగా మా అందరికీ ఇదే పని. ఉద్దానం తీరంలో మా ఊళ్లను సముద్రం మింగాక, ఉత్తరాన ఎండను తిప్పికొట్టే తెల్లటి మంచు నిలబడితేనే సముద్రం ఇంకా పైకి రాకుండా ఆగుతుందని చెప్పి మమ్మల్ని ఇక్కడికి తెచ్చారు. మా అత్త దాలమ్మ మూట కట్టుకొచ్చిన జీడిపిక్కల్లో ఒక్కటీ మొలవలేదు. తిప్పకు ఆ పేరు మాత్రం మిగిలింది.

మధ్యాహ్నం రేడియోలో తుయారా పిలిచింది. ఎగువన, నది కొండల మధ్య ఇరుకైన చోట నీటిమట్టం చూసే కేంద్రం ఆమెది. ఈ నది ఒడ్డునే పుట్టిన సఖా జాతి మనిషి. రెండు శీతాకాలాలు మా ఇంట్లో ఉండి, మా అత్త దగ్గర తెలుగు నేర్చుకుంది. అందుకే ఆమె మాట అచ్చం మా అత్త మాటలాగే ఉంటుంది.

“లోలాక్షీ, అవ్వ కదిలినాది.”

వాళ్లు నదిని పేరు పెట్టి పిలవరు. అవ్వ అంటారు.

“ఇంత బేగినా?”

“దక్షిణాన ఎండ మండిపోతున్నాది. కొండల్లో మంచంతా ఒక్కసారే కరిగిపోనాది. ముక్కలు ఇళ్లంత ఇళ్లంత వస్తన్నాయి. నువ్వు మొగ చూసుకో.”

మే 22

కొలబద్ద మీద నీరు ఎక్కుతోంది. నిన్న చూసిన గీత ఇవాళ కనబడలేదు.

మా అమ్మాయి లేనమ్మకు నిన్న సాయంత్రం ఇదే విషయం బొమ్మ గీసి చెప్పాను. దానికి తొమ్మిదేళ్లు, ఈ తిప్ప మీదే పుట్టింది, అందుకే ఆ పేరు. మన వంశధారకు వరదొస్తే సముద్రం నోరు తెరుచుకునే ఉంటుంది. ఈ నదుల సంగతి వేరు. లేనా గానీ, యెనిసెయ్ గానీ, ఓబ్ గానీ దక్షిణాన పుట్టి ఉత్తరానికి పారుతాయి. ఎండ ముందు పుట్టినచోట తగులుతుంది, మొగకు ఆఖర్న వస్తుంది. తల కరిగి పరుగెత్తుకొస్తుంటే కాళ్లు ఇంకా గడ్డకట్టే ఉంటాయి.

“మరి ఏటవుతాది?” అంది లేనమ్మ.

“ప్రతి ఏడూ నీళ్లు మంచు కిందనుంచి దారి చూసుకుంటాయి.”

ఈ ఏడు ఆ దారి లేదు. అది దానికి చెప్పలేదు. ఈ సముద్రం లోతు తక్కువ, ఒడ్డు నుంచి చాలా దూరం వరకూ పడవ గెడ అందుతుంది. పొర మీద పొర పోసి పోసి మేం పెంచిన పలక ఈ శీతాకాలం అడుగున బురదకు ఆనింది. నది నోటికి మేమే గోడ కట్టాం.

మా ఆయన తాతారావు పంపుల మేస్త్రి. రాత్రి కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

“నాను సెప్పినాను లోలాక్షీ, ఈ ఏడు ఒక నెల ముందే ఆపుదామని. ఇన్నారా?”

అత్త మాత్రం తడబడలేదు. “మొగ మూసుకుపోతే ఏటి సేస్తారు? మా అయ్య కాలంలో ఇసక మేట పడి మొగ మూసుకుంటే ఊరంతా పారలట్టుకుని తవ్వినారు. మీరూ తవ్వండి.”

మే 24

విశాఖలో కూటమి కేంద్రంతో మాట్లాడాను. డ్యూటీలో ఉన్నది భానోజీగారు. ఆయన్ని నేనెన్నడూ చూడలేదు. ఎనిమిదేళ్లుగా ఆ గొంతు మాత్రం తెలుసు. కొక్కేలు తీసే మీట ఆయన బల్ల మీదే ఉంటుంది. మా చేతిలో లేదు.

“సార్, మోకులు వదలండి. వెనకనుంచి నీరు ఎత్తుతోంది, పలక దానంతటదే జరుగుతుంది. మొగ తెరుచుకుంటుంది.”

“లోలాక్షిగారూ, వదిలితే మళ్లీ పట్టుకోలేం. పదకొండేళ్ల మంచు. అది పోతే ఇక్కడ ఈ తీరం మీద ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పాలా? మా అమ్మాయి భీమిలిలో ఉంటోంది. వాళ్ల వీధి చివర్న సముద్రం ఉంది.”

“మాకు ఇంటి గుమ్మంలో ఉంది సార్.”

“సభ్యులను అడిగాను. పదహారు దేశాలు. అందరూ ఒప్పుకోవాలి. మిమ్మల్ని ఎత్తుకురావడానికి హెలికాప్టర్లు కూడా అడిగాను. అవన్నీ ఎగువ పట్టణాల దగ్గర ఉన్నాయి.”

ఆయన గొంతులో విసుగు గానీ అబద్ధం గానీ లేవు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మే 25

తిప్పంతా మంచు మీదికి దిగాం. బాయిలర్ బూడిద, మసి, ఇళ్లలో పొయ్యిల అడుగున ఉన్నది, అంతా గోనెసంచుల్లో మోసుకొచ్చి మొగ మీద చల్లాం. నల్లటి చోటు ఎండను పట్టుకుంటుంది, మంచు త్వరగా మెత్తబడుతుంది. ఎగువన సఖా ఊళ్లలో ఏటా ఇలాగే చేస్తారని తుయారా చెప్పింది. మోకాళ్ల నొప్పులతో అత్త కూడా వచ్చి, నారు పోసినట్టు గుప్పిట్లతో చల్లింది. లేనమ్మ ముఖమంతా మసే. ఆ కాసేపు అందరూ నవ్వారు. మేమూ ఏదో ఒకటి చేస్తున్నాం అనిపించింది.

సాయంత్రానికి నల్లటి బాట మొగ నుంచి సముద్రం వైపు చాచి పడుకుంది. దాని మీద అక్కడక్కడా తడి మెరిసింది.

ఆ తర్వాత మంచు కురిసింది. ఎక్కువేం కాదు. బాట తెల్లబడడానికి చాలినంత.

బూడిద ఇంకెక్కడా లేదు.

మే 26

తుయారా గొంతు మారిపోయింది.

“ఇరుకు దగ్గర ముక్కలన్నీ అడ్డంపడి పోగైపోనాయి. కొండంత ఎత్తు. నా కేంద్రంలో నీళ్లు మంచం దాకా వచ్చినాయి, మేడెక్కి మాటాడతన్నాను. ఇది ఎంతసేపు నిలబడతాదో తెల్దు. తెగిందంటే అదంతా ఒక్కసారే మీమీదకి వస్తాది. మొగ తెరిచి ఉంటే సముద్రంలోకి పోతాది. మూసి ఉంటే మీ తిప్ప మీదకెక్కుతాది.”

“నువ్వెలా ఉన్నావు?”

“నా సంగతి అడక్కు. నీ గుంటని, లేనమ్మని, ఎత్తయిన చోట పెట్టు.”

ఈ డెల్టాలో ఎత్తయిన చోటు లేదు. కనుచూపు మేర చదును. ఉన్నదల్లా పంపుహౌస్, ఉక్కు కాళ్ల మీద రెండంతస్తులు. మూడొందల మందిమి ఈ మధ్యాహ్నం దాన్లోనే కూడాం. సగం మందికి నిలబడే చోటు లేదు.

భానోజీగారిని మళ్లీ పిలిచాను. రెండు దేశాలు ఇంకా జవాబు చెప్పలేదట. ఆయన ఏడుస్తున్నారేమో అనిపించింది.

తాతారావు జనం ముందు లేచాడు. ఆయన ఎప్పుడూ నలుగురిలో మాట్లాడే మనిషి కాదు.

“మోకులు సేత్తో కోసీగలం. ఉక్కు కోసే రంపం ఉన్నాది. నానెల్తాను. మోకుల సంగతి తెలిసింది మా ఇంటిదానికి. అదీ వస్తాది.”

నన్ను అడగలేదు. అడగాల్సిన పని లేదని ఆయనకు తెలుసు. “ఇంకొకరెవరైనా రండి” అని ఎవరూ అనలేదు, ఎవరూ రాలేదు. నేను వాళ్లను తప్పుపట్టను. అందరి చంకల్లోనూ పిల్లలున్నారు.

మే 27

మెట్ల మీద లేనమ్మ నా కోటు పట్టుకుని వదల్లేదు. అత్త దాని వేళ్లు ఒక్కొక్కటే విప్పింది.

“ఎల్లండి. గుంట నా కాడ ఉంటాది. నా పేణం ఉండగా దీనికేటీ కాదు.”

మంచు మీద జారే స్లెడ్డు బండి ఎక్కి బయల్దేరాం. మంచు అడుగున నీళ్లు గుడగుడమంటున్నాయి. తూర్పు మోకు దగ్గర రంపం పెట్టడానికి తాతారావు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నిప్పురవ్వలు ఎగిరాయి. చివరి పురి తెగేముందు ఇద్దరం పక్కకు దొర్లాం. మోకు ఈలవేస్తూ పోయి మంచులో గాడి చేసింది. పలక కొద్దిగా మూలిగింది. ఆ చప్పుడు నా పళ్లలో తెలిసింది.

నడిమి మోకు అంత మంచిగా తెగలేదు. బరువంతా దాని మీద పడి ఉంది. సగం కోయగానే తనంతట తనే తెగింది. నాకు కనబడింది కొరడాలా ఎగిరిన ఒక్క నల్లటి గీత. తర్వాత తాతారావు నాకు చాలా దూరంలో ఉన్నాడు. ఎడమకాలు మోకాలి కింద తిరగకూడని వైపు తిరిగి ఉంది. రంపం, స్లెడ్డు బండి రెండూ మంచులో అప్పుడే విచ్చిన పగులులోకి దిగిపోయాయి.

నా బెల్టు తీసి తొడకు బిగించాను. రక్తం తగ్గింది, ఆగలేదు.

“మూడోది,” అన్నాడాయన.

“దేంతో కోస్తాం మావా?”

చేతి రేడియో ఒక్కటే మిగిలింది. విశాఖను పిలిచాను.

“సార్, రెండు మోకులు తెగిపోయాయి. మేమే కోశాం. పలక ఒక్క పడమటి మోకు మీద వేలాడుతోంది. ఇక దాన్ని మీరు కాపాడలేరు. అది ఎలాగూ చీలుతుంది, కానీ అది చీలేదాకా మొగ మూసుకునే ఉంటుంది. ఆ ఒక్క కొక్కెం తీయండి.”

చెప్పినదాంట్లో ఎంత నిజమో నాకే తెలియదు.

“అమ్మా, మీరెక్కడున్నారు? కొక్కెం తీస్తే పలక మొత్తం కదులుతుంది. మీరు మంచు మీద ఉన్నారా?”

తాతారావు కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు. ఒడ్డు అక్కణ్నుంచి సన్నటి గీతలా ఉంది. ఆయన్ని మోసుకుని ఆ దూరం నేను నడవలేను. వదిలిపెట్టి ఒక్కదాన్నే పరుగెత్తితే అందుకునేదాన్నేమో. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని రాయను.

“లేం సార్. ఒడ్డుకొచ్చేశాం.”

“ఇద్దరూనా?”

“ఇద్దరం.”

ఆయన ఊపిరి వినబడింది. “నా ఉద్యోగం సంగతి అటుంచండి. రేపు ఈ తీరం నన్ను అడిగితే ఏం చెప్పాలి?”

“మా అమ్మాయి పంపుహౌస్‌లో ఉంది సార్,” అన్నాను.

కొక్కెం ఊడిన చప్పుడు మాకు వినబడలేదు. కాళ్ల కింద మంచు మెల్లగా, బండి స్టేషన్ వదిలినట్టు కదిలింది. తాతారావు నా చెయ్యి పట్టుకున్నాడు.

“మంచి పని సేసినావు,” అన్నాడు. తర్వాత స్పృహ తప్పాడు.

మే 28

ఒడ్డు లేదు. సూర్యుడు దిగడు, మా చుట్టూ గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు. తెల్లటి పలక, నల్లటి నీటి చీలికలు. పలక చీలింది, మాకూ దక్షిణపు పెద్ద ముక్కకూ మధ్య ఇప్పుడు ఓడ పట్టేంత సందు ఉంది.

తిప్ప రేడియో పలకడం లేదు. తుయారా పలకడం లేదు. విశాఖ పిలుస్తోంది. నేను జవాబు చెప్పడం లేదు. చెబితే నేనెక్కడున్నానో చెప్పాలి. వినకుండా ఉండలేక ఒకసారి పెట్టాను. “జీడితిప్పా, జీడితిప్పా, ఎవరైనా ఉన్నారా?” అని భానోజీగారు ఒక్కరే అంటున్నారు. తర్వాత రేడియో ఆగిపోయింది. చలికి బ్యాటరీ చచ్చింది.

అంటే తిప్ప ఆయనకూ పలకలేదు.

మంచు తవ్వి గోడలా పేర్చాను, గాలి తగలకుండా. తాతారావుకు జ్వరం. మంచు చప్పరిస్తే నోరు మండుతోందంటున్నాడు. ఇది సముద్రపు నీళ్లు పోసి పెంచిన మంచు, ఉప్పు దీంట్లోనే ఉండిపోయింది. పదకొండేళ్లు దీన్ని పెంచాం, ఒక్క గుక్కెడు తాగడానికి పనికిరాదు.

తేదీ సరిగ్గా తెలియదు

ఆయన తన తల్లితో మాట్లాడుతున్నాడు. నేను అత్తననుకుంటున్నాడు. “అమ్మా, వల తడిసిపోతన్నాది, తియ్యి,” అంటాడు. తీశానని చెబుతున్నాను. కాలు నల్లబడింది.

నాకు ప్రార్థన రావడం లేదు. ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఒకటే అడగాలి, లేనమ్మనా, ఈయననా? ఆ మాట నోటితో అనకుండా ఉండేందుకు ఈ రాత రాస్తున్నాను.

అదే రోజు, తర్వాత

నీటి రంగు మారింది.

పలక అంచున కూర్చుని చూస్తుంటే నల్లటి నీళ్లలోకి టీ రంగు నీళ్లు పొగలా వచ్చాయి. ముందు నా కళ్లనే నమ్మలేదు. చెయ్యి ముంచి నాకాను. ఉప్పు లేదు. మట్టి వాసన, ఆకుల వాసన. లేనా నీళ్లు! నది నీళ్లు తేలిక, ఉప్పునీటి మీద తేలుతూ చాలా దూరం వస్తాయి. మొగ తెరుచుకుంది.

చిప్పతో తెచ్చి తాతారావుకు పట్టాను. గటగట తాగాడు. ఇన్నాళ్లకు నన్ను గుర్తుపట్టాడు.

“తియ్యగున్నాది,” అన్నాడు. “ఎక్కడిది?”

“మనదే. మొగ తెరుచుకుంది మావా.”

నీళ్ల వెంట దుంగలు వచ్చాయి. ఎగువ అడవుల్లో కూలిన చెట్లు వందలకొద్దీ. ఇవి కూడా ధ్రువం దాటి గ్రీన్‌లాండ్ ఒడ్డుకు చేరతాయి. దుంగల తర్వాత ఒక తలుపు వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలు. బడిలో నల్లబల్ల. ఎవరిదో మంచం, దానికి కట్టిన దోమతెర ఇంకా ఊడలేదు.

ఒక్కొక్కటీ దగ్గరకు వచ్చేదాకా చూశాను. చిన్న బట్ట కనబడితే అంచు దాకా పాకేదాన్ని. మా ఇంటి పైకప్పు రేకు వచ్చింది, నీలం రంగు నేనే వేశాను. వచ్చినవాటిలో మనిషి లేడు. రానివాటి సంగతి నాకు తెలియదు.

“ఏటి కనబడతన్నాది?” అడిగాడు తాతారావు.

“దుంగలు.”

ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. వీపు కదులుతుంటే నేను చూశాను.

జూన్ 2 (తేదీ తుయారా చెప్పింది)

గాలి మెత్త మీద జారే హోవర్‌క్రాఫ్ట్ పడవ ఒకటి నీటి మీదా మంచు మీదా ఒకే పరుగుతో వచ్చింది. ముందు నిలబడ్డది తుయారా. రెండు పగళ్లు మేడ మీద గడిపి, ఇరుకులో పోగైన మంచుకట్ట తెగాక నీళ్ల వెనకాలే దిగి వచ్చిందట. విశాఖ నుంచి ఆమెకు ఒకటే మాట వెళ్లింది. మేం ఒడ్డున దొరకలేదని, మంచు మీద వెతకమని. నేను చెప్పింది అబద్ధమని ఆయన ఎప్పుడు అనుమానించారో నాకు తెలియదు.

నేను అడగలేకపోయాను. తుయారా దూరం నుంచే అరిచింది.

“లేనమ్మ ఉన్నాది! లేనమ్మ బతికే ఉన్నాది!”

పడవలో మూల దుప్పట్ల కుప్పలో ఉంది. ఏడవలేదు. నా ఒళ్లో కూర్చుని మెల్లగా, ఎవరికో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

“నీళ్లు రెండో మేడ దాకా వచ్చినాయి. అందరం కప్పెక్కినాం. మంచుముక్క గుద్దితే కప్పు ఊగిపోనాది. నాన్నమ్మ తన చీర ఇప్పి నన్ను పొగగొట్టానికి కట్టీసినాది. నడుముకి, సంకలకి. గట్టిగా. తనని గొట్టానికి కట్టుకోడానికి ఇంకో చీర నేదు. గొట్టాన్ని వాటేసుకుని ఉన్నాది. చానాసేపు మాటాడినాది. తర్వాత మాటాడ్నేదు.”

“పడిపోయిందా?” అన్నాను.

“నేదు. అలగే వాటేసుకుని ఉన్నాది. తుయారా అత్త వచ్చి చేతులు ఇప్పినాది.”

తాతారావు అన్నీ విన్నాడు. లేనమ్మ చెయ్యి తీసుకుని తన కళ్ల మీద పెట్టుకున్నాడు.

మూడొందల మందిలో పంతొమ్మిది మంది లేరు. మొగ తెరుచుకోకపోతే ఎవరూ ఉండేవారు కాదని తుయారా అంది. ఆ మాట ఆ పంతొమ్మిది ఇళ్లలో చెప్పగల ధైర్యం నాకు లేదు.

జూన్ 6

ఎగువన తుయారా వాళ్ల ఊరు. కొండవాలు మీద ఉంది కాబట్టి నిలిచింది. ఇక్కడి వైద్యురాలు తాతారావు కాలు మోకాలి పైనుంచి తీసేసింది. బతుకుతాడంటోంది.

విశాఖలో భానోజీగారిని విచారణకు పిలిచారు. నా పేరూ ఉంది. పలక రెండుగా చీలి, పెద్ద ముక్క ధ్రువం వైపు సాగుతోందట. ఇక్కడి రేడియోలో ఆ వార్త వింటుంటే మావాళ్లు కొందరు లేచి వెళ్లిపోయారు. మా తీరంలో మిగిలిన ఊళ్ల పేర్లు ఒక్కొక్కటీ వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు.

ఇవాళ అత్తను పూడ్చాలి. మా ఇళ్లలో పూడ్చడమే ఆచారం. కానీ ఈ నేల బెత్తెడు లోతు దాటితే గడ్డకట్టి రాయిలా ఉంటుంది. ఎండాకాలంలో కూడా కరగదు. ముందు మంట వెయ్యాలని ఊరివాళ్లు చెప్పారు. నదిలో కొట్టుకొచ్చిన దుంగలు లాక్కొచ్చి, మనిషి పొడవున పేర్చి, అంటించాం. తాతారావును మంచంతో సహా మోసుకొచ్చి పక్కన దించారు. లేనమ్మ ఆ చీరను నడుముకు చుట్టుకునే ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

మంట ఆరాక నివురు తీసి తవ్వాను. తడిసిన మట్టి పార మీదకి మెత్తగా వచ్చింది. జానెడు దిగాక పార మళ్లీ ఠంగుమంది.

“అమ్మా, ఇంకెంత?” అంది లేనమ్మ.

“ఇంకా చాలా ఉందమ్మా.”

అది వెళ్లి తన చేతులకు పట్టినంత కట్టెలు తెచ్చి గోతిలో పరిచింది. మళ్లీ మంట వేశాం.